పెట్టె చెడితే ఫోటోలు పోయినట్లేనా?

పిల్లలూ! అక్క పెళ్లి ఫోటోలు, తాతయ్య కథ చెబుతుండగా తీసిన వీడియో, మీరు ఒకటో తరగతిలో పాడిన పాట - ఇవన్నీ మీ ఇంట్లో ఎక్కడ దాచారు? చాలామంది ఫోనులోనే ఉంచుకుంటారు. కొందరి ఇళ్లలో మాత్రం బల్ల మీద ఒక మూల, టిఫిన్ డబ్బా అంత చిన్న పెట్టె కనిపిస్తుంది. దానికి తెర ఉండదు. అక్షరాల మీటలూ ఉండవు. ముందువైపు రెండు మూడు దీపాలు మినుకుమినుకుమంటూ ఉంటాయి, అంతే. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ తమ ఫోటోలను, పాటలను, లెక్కలను అందులో దాచుకుంటాయి. దీనిని నెట్‌వర్క్ నిల్వ పెట్టె అంటారు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కలిపి ‘నాస్’ అని కూడా పిలుస్తారు.

ఒకరోజు ఆ పెట్టె పలకడం మానేసిందనుకోండి. ఇంట్లో వాళ్లు “అంతా పోయింది!” అని తల పట్టుకుంటారు. నిజంగా అంతా పోయినట్లేనా? కాదు. చాలాసార్లు లోపలి ఫోటోలు భద్రంగానే ఉంటాయి. వాటిని పోగొట్టేది పెట్టె కాదు, తొందరపడి మనం చేసే మరమ్మతు! అది ఎలాగో చూద్దాం.

గోదాము - గుమాస్తా

మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందిన ఊరు కదా! మిల్లు గోదామును ఒకసారి ఊహించుకోండి. బస్తాలు వరుసలు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఏ వరుసలో ఎవరి బస్తాలున్నాయో గుమాస్తా చిట్టాలో రాసి పెట్టుకుంటాడు. ఎవరైనా వచ్చి అడిగితే చిట్టా చూసి, బస్తా తీయించి ఇస్తాడు.

నిల్వ పెట్టె కూడా అటువంటి గోదామే. అందులోని హార్డ్‌డిస్కు గోదాము. మీ ఫోటోలు, పాటలు బస్తాలు. ఏ ఫోటో డిస్కు మీద ఎక్కడ ఉందో తెలిపే పట్టిక కూడా డిస్కు మీదే ఉంటుంది. అది చిట్టా. దీనికి ఫైల్ సిస్టమ్ అని పేరు. మరి గుమాస్తా ఎవరు? ఆ పెట్టెను నడిపించే ప్రోగ్రాము. ఇటువంటి పెట్టెలలో చాలావాటికి లినక్స్ అనే ప్రోగ్రామే గుమాస్తా.

గుమాస్తాకు జబ్బుచేసి రాలేదనుకోండి. బస్తాలు ఏమైపోతాయి? ఎక్కడివి అక్కడే ఉంటాయి. మరో గుమాస్తాను పిలిచి తాళంచెవి, చిట్టా అప్పగిస్తే పని మళ్లీ సాగుతుంది. లినక్స్‌ను తిరిగి ఎక్కించడమంటే ఇదే. అలా కాక, గుమాస్తా రాలేదని గోదామంతా ఊడ్చి పారేస్తే? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లే అవుతుంది. తెలియక డిస్కును ‘ఫార్మాట్’ చేసేవారు సరిగ్గా ఈ పనే చేస్తున్నారన్నమాట.

కనుక పెట్టె చెడినప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. చెడింది గుమాస్తానా? గోదామా? లేక దీపానికి నూనె అయిపోయిందా? దీనిని తెలుసుకోవడానికి ఊహలో మూడు ఊళ్లలోని మూడు ఇళ్లకు వెళ్లివద్దాం.

సూర్యాపేటలోని ఇల్లు: దీపానికి నూనె లేదు

ఇక్కడ పెట్టె దీపం వెలుగుతుంది, లోపల ఏదో తిరగబోయిన చప్పుడవుతుంది, వెంటనే అంతా ఆరిపోతుంది. మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. ఎందుకని?

బరువైన ఎడ్లబండిని ఎప్పుడైనా తోశారా? కదిలించేటప్పుడే ఎక్కువ బలం కావాలి. కదిలిన తర్వాత తేలిక. డిస్కు కూడా అంతే. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. గోడకు పెట్టే అడాప్టరు బలహీనపడి ఉంటే దీపాన్ని వెలిగించగలదు గాని, డిస్కును కదిలించలేదు. అడాప్టరులో విద్యుత్తును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్లు ఉంటాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలకు, ఏళ్ల తరబడి వేడికి అవి లోపల ఎండిపోతాయి. అప్పుడు చేయవలసింది అడాప్టరు మార్చడమే. లినక్స్ జోలికి పోనక్కరలేదు.

అయితే కొత్త అడాప్టరు కొనేటప్పుడు దాని మీది అంకెలు చదవండి. పాతదాని మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే, కొత్తది కూడా కచ్చితంగా 12 వోల్టులదే కావాలి. ఆంపియర్లు 2 గాని, అంతకన్న ఎక్కువ గాని ఉండవచ్చు. పిన్నులో ధన, ఋణ ధ్రువాలు కూడా ఒకేలా ఉండాలి. ఒక హెచ్చరిక. అడాప్టరు మూత తెరవకండి. గోడలో ఉన్నది 230 వోల్టుల విద్యుత్తు. తీగ పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొంత మిగిలి ఉండవచ్చు.

మిర్యాలగూడలోని ఇల్లు: గోదాము కూలుతోంది

ఇక్కడ పెట్టెలో నుంచి ‘టక్, టక్’ మని చప్పుడు వస్తోంది. ఇది ప్రమాద సూచన. ఎందుకో తెలియాలంటే డిస్కు లోపలికి తొంగి చూడాలి.

డిస్కులో అద్దంలా నున్నటి పళ్లెం ఒకటి గాని, కొన్ని గాని ఉంటాయి. అవి నిమిషానికి 5,400 సార్లు, కొన్నింటిలో 7,200 సార్లు తిరుగుతాయి. 5,400 సార్లు తిరిగే పెద్దరకం డిస్కులో పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూడండి. పళ్లెం అంచు సెకనుకు దాదాపు 27 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే గంటకు సుమారు 97 కిలోమీటర్లు! హైదరాబాదు - విజయవాడ రహదారి మీద వేగంగా పోయే కారుతో సమానం. ఆ పళ్లానికి కొన్ని నానోమీటర్ల ఎత్తున, దానిని తాకకుండా, చదివే తల తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. ఇప్పుడు ఊహించుకోండి, ఆ సందు ఎంత సన్ననిదో! అందుకే డిస్కును విప్పి చూడకూడదు. ఒక్క దుమ్ముకణం ఆ సందులో పర్వతమంత.

‘టక్, టక్’ అంటే తల తన చోటు వెతుక్కోలేక మళ్లీ మళ్లీ వెనక్కు వస్తున్నదని అర్థం. ఇటువంటి పెట్టెను ఆన్ చేసి ఆఫ్ చేసి పరీక్షించడం మంచిది కాదు. తిరిగే ప్రతి నిమిషమూ మరికొన్ని ఫోటోలను మింగవచ్చు. వెంటనే ఆపివేసి, తెలిసినవారి సాయంతో డిస్కులోని సమాచారాన్ని మరో డిస్కుకు తీయించాలి. ఈ పని కోసం లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము ఉంది. తెలివైన పిల్లవాడు పరీక్షలో తెలిసిన జవాబులు ముందు రాసి, కష్టమైనవి చివరకు ఉంచుకుంటాడు కదా! ఈ ప్రోగ్రాము కూడా మొదట బాగున్న భాగాలన్నీ నకలు తీసుకుంటుంది. చెడిన చోట్లకు ఆ తర్వాతనే వస్తుంది.

కోదాడలోని ఇల్లు: గుమాస్తా లేవడం లేదు

ఇక్కడ దీపాలు బాగానే ఉన్నాయి. డిస్కు చక్కగా తిరుగుతోంది. కాని ఏ ఫోనుకూ పెట్టె కనిపించడం లేదు. నెట్‌వర్క్ తీగ మార్చి చూశారు, రౌటరు పరీక్షించారు. లాభం లేదు. ఏం జరిగి ఉంటుంది?

పెట్టెకు కరెంటు రాగానే మొదట నిద్ర లేచేది బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము. ఇది గోదాము కాపలాదారు వంటిది. గేటు తీసి గుమాస్తాను లేపడం దీని పని. ఇది ఫ్లాష్ జ్ఞాపకశాలలో ఉంటుంది. గుమాస్తా లినక్స్ కూడా కొన్ని పెట్టెలలో అక్కడే ఉంటుంది, మరికొన్నింటిలో డిస్కు మీదే ఒక మూల గదిలో ఉంటుంది. లినక్స్‌ను కొత్తదిగా మార్చుతుండగా సగంలో కరెంటు పోయిందనుకోండి. పాత గుమాస్తా వెళ్లిపోయాడు, కొత్తవాడు ఇంకా పూర్తిగా రాలేదు. అప్పుడు కాపలాదారు పిలిచినా పలికేవారుండరు. ఈ జబ్బుకు మందు లినక్స్‌ను తిరిగి ఎక్కించడం.

ముందు తరలింపు, తర్వాతే మరమ్మతు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పొలాలకు పారుతుంది. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. జలాశయంలో మునిగిపోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, అక్కడి శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదికి, ఒడ్డున ఉన్న అనుపుకు తరలించారు. ఆ తర్వాతనే లోయలోకి నీరు వచ్చింది. వరుస తారుమారై ఉంటే ఏమయ్యేది?

మన పెట్టెకూ అదే వరుస. మొదట డిస్కు బయటకు తీసి, లినక్స్ ఉన్న మరో కంప్యూటరుకు తగిలించాలి. చదవడానికి మాత్రమే తెరవాలి, రాయడానికి కాదు. అందులోని వన్నీ వేరే డిస్కులోకి నకలు తీసుకోవాలి. విండోస్ ఉన్న కంప్యూటరుకు తగిలిస్తే ఒక చిక్కు ఉంది. దానికి ఈ చిట్టా లిపి మామూలుగా అర్థం కాదు. “ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?” అని అడుగుతుంది. “వద్దు” అనే చెప్పండి!

ఇక కొత్త గుమాస్తాను పిలవవచ్చు. చాలా పెట్టెలలో వెనుక ఒక చిన్న మీట ఉంటుంది. దానిని నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే, కాపలాదారు గుమాస్తాను పిలవడం మాని, “కొత్త లినక్స్ పంపండి” అని నెట్‌వర్క్ తీగ వైపు చూస్తాడు. అప్పుడు మరో కంప్యూటరు నుంచి పంపాలి. పద్ధతి పెట్టె పెట్టెకూ వేరు. కనుక మీ పెట్టె నమూనా సంఖ్య చూసుకుని, దానికి సరిపోయే సూచనలే పాటించాలి. రాత పూర్తయ్యేదాకా కరెంటు పోకూడదు. యూపీఎస్ పెట్టుకోవడం మంచిది.

మీట కూడా పలకకపోతే? లోపలి పలక మీద మూడు సన్నని తీగలు కలిపే చోటు తరచుగా ఉంటుంది. ఒక తీగ పంపడానికి, ఒకటి వినడానికి, ఒకటి భూమికి. వాటి ద్వారా కాపలాదారు చెప్పే మాటలు అక్షరాలుగా మన తెర మీద కనిపిస్తాయి. చాలా పెట్టెలలో ఇక్కడ 3.3 వోల్టులే ఉంటాయి. అంతకన్న ఎక్కువ ఇస్తే మూగవాడు శాశ్వతంగా మూగవాడవుతాడు.

లినక్స్ ఎక్కించేటప్పుడు ఏ గదిని తుడవాలో అడుగుతుంది. గుమాస్తా గదిని మాత్రమే చూపండి. ఫోటోల గదిని తుడవవద్దని చెప్పండి. అంతా అయ్యాక, “ఫోటోలు కనిపిస్తున్నాయి గాని తెరుచుకోవడం లేదు” అని కొందరు కంగారుపడతారు. కారణం చిన్నదే. లినక్స్ చిట్టాలో యజమాని పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. పాత లినక్స్‌లో అమ్మ సంఖ్య 1000, నాన్న సంఖ్య 1001 అనుకోండి. కొత్తదానిలో అవి తారుమారైతే అమ్మ ఫోటోలు నాన్నవైపోతాయి! పాత సంఖ్యలే తిరిగి ఇస్తే తలుపులు తెరుచుకుంటాయి.

తయారీదారు వదిలేసినా...

ఇంత చేయగలగడానికి ఒక కారణం ఉంది. 1991 ఆగస్టు 25న ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, తాను ఒక ప్రోగ్రాము రాస్తున్నానని అందరికీ తెలిపాడు. అదే లినక్స్. 1992లో దానిని ఒక షరతు మీద అందరికీ ఇచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాని ఇతరులకు పంచేటప్పుడు దాని మూల రచనను కూడా ఇవ్వాలి. ఈ షరతును అంతకు ముందే రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించాడు.

దీని ఫలితం చూడండి. 2004లో లింక్‌సిస్ సంస్థ ఎన్‌ఎస్‌ఎల్‌యు2 అనే చిన్న నిల్వ పెట్టెను అమ్మకానికి తెచ్చింది. దాని జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు, ఫ్లాష్ 8 మెగాబైట్లు మాత్రమే. ఈనాటి ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలకే ఆ ఫ్లాష్ నిండిపోతుంది! అందులో లినక్స్ ఉన్నందువల్ల సంస్థ మూల రచనను బయట పెట్టింది. ఔత్సాహికులు దానిని చదివి, మార్చి, కొత్త పనులు నేర్పారు. 133 మెగాహెర్ట్‌జ్‌ల వేగంతో నడుస్తున్న దాని మెదడు నిజానికి 266 మెగాహెర్ట్‌జ్‌లకు తగినదని, ఒక్క చిన్న రెసిస్టరు తీసేస్తే ఆ వేగం వస్తుందని కనిపెట్టారు. 2007లో వచ్చిన డెబియన్ 4.0 లినక్స్ కూడా ఆ పెట్టె మీద నడిచింది. తయారీ ఆగిపోయిన తర్వాత కూడా ఆ పెట్టెలు ఏళ్ల తరబడి పనిచేశాయి. మూల రచన తాళం వేసి ఉంటే అవి ఎప్పుడో చెత్తకుప్ప చేరేవి.

మన తెలంగాణలోనూ ‘స్వేచ్ఛ’ అనే సంస్థవారు ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి, విద్యార్థులకు నేర్పడానికి కృషి చేశారు. డెబియన్‌ను తెర ఉన్న కంప్యూటరులో ఎక్కించేటప్పుడు తెలుగు భాషను ఎంచుకోవచ్చు కూడా.

చేసి చూడండి

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లో పోగొట్టుకోకూడని పది వస్తువులు - ఫోటో గాని, పాట గాని, కాగితం గాని - వరుసగా రాయండి. ఒక్కొక్కదానికి ఎన్ని నకళ్లున్నాయో ఎదురుగా వేయండి. మూడు నకళ్లు, రెండు రకాల వస్తువులలో, ఒకటి వేరే ఊళ్లో - ఇది నిపుణులు చెప్పే సూత్రం. మీది సూర్యాపేట అయితే ఒక నకలు కోదాడలోని పిన్ని ఇంట్లో ఉంచవచ్చు. పెట్టెలో రెండు డిస్కులున్నాయి కదా, చాలదా అంటారేమో! చాలదు. ఒకదానిలో పొరపాటున చెరిపితే రెండోదానిలోనూ వెంటనే చెరిగిపోతుంది.

మీ కాగితంలో ‘1’ అంకె ఎన్నిచోట్ల ఉంది? పెట్టె చెడక ముందే చేయవలసిన మరమ్మతు అక్కడి నుంచే మొదలవుతుంది.