ఒక యంత్రము, పెక్కు గదులు: లినక్స్ కంటెయినరులలో చిత్రమయమైన డెస్కుటాపులు

గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములలో మిరపను, ప్రత్తిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు ఒక యంత్రమును పలువురు పంచుకొని వాడుకొనుట క్రొత్త సంగతి కాదు. ప్రతి రైతును తనకొక కోల్డు స్టోరేజిని కట్టించుకొనడు. ప్రతి గ్రామమును తనకొక జిన్నింగు మిల్లును పెట్టుకొనదు. ఒకరి సరుకు మరియొకరి సరుకుతో కలియకుండ, యంత్రము మాత్రము అందరికి నొక్కటిగా నుండునట్లు ఏర్పాటు చేసికొందురు. కంప్యూటరు విద్యలోను ఇట్టి యేర్పాటొకటి కలదు. దానికి కంటెయినరు అని పేరు. అట్టి కంటెయినరులో రంగుల తెరను, బొమ్మలను, చలనచిత్రములను గూడ వేగముగా నడిపించుట యెట్లు, అందులో జాగ్రత్తపడవలసిన దేమి యను విషయమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియునట్లు వివరింప దలచితిమి.

మొదట దీని యవసరమును చెప్పెదము. ఇంటివద్ద కంప్యూటరు లేని విద్యార్థికి పాఠశాలలో లభించు గంటయే ఆధారము. ముందు వచ్చిన బాలుడు అమరికలను మార్చిపోయినను, అవసరమైన ఫైలును తుడిచివేసినను, తరువాత వచ్చిన బాలికకు ఆ గంట యంతయు మరమ్మతులోనే గడచిపోవును. ప్రతి విద్యార్థికిని ఒక మంచి కంప్యూటరును కొనుటకు పెక్కు పాఠశాలలకు ధనము చాలదు. ఉన్న పాత యంత్రములా, చిత్రములను గీయు పనికి తాళజాలవు. బలమైన కంప్యూటరు నొకదానిని కొని, దానిలో విద్యార్థి కొక్క గది చొప్పున ఏర్పరచి, పాత యంత్రములను ఆ గదులలోనికి చూచు కిటికీలుగా మాత్రము వాడుకొనగలిగినచో ఈ చిక్కు చాలవరకు తీరును. ఆ గదులే కంటెయినరులు.

కంప్యూటరులోని పరికరములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి అజమాయిషీ చేయు ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. ఏ ప్రోగ్రామునకు ఎంతసేపు ప్రాసెసరు నియ్యవలెను, ఎంత మెమొరీ నియ్యవలెను, ఏ ఫైలును ఎవరు తెరువవచ్చును అను విషయములను అదియే నిర్ణయించును. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ అట్టి కెర్నెలే. దానిని ఎవరైనను తీసికొని, చదివి, మార్చి, ఇతరులకు పంచవచ్చును.

ఒక కంప్యూటరును పలు కంప్యూటరులుగా కనబడునట్లు చేయుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. మొదటిది వర్చువల్ మెషీను. ఇందులో ప్రతి గదికిని వేరు కెర్నెల్ ఉండును. ఇది ప్రతి రైతును తన సొంత కంప్రెసరుతో సొంత కోల్డు స్టోరేజిని కట్టించుకొనుట వంటిది. గోడలు గట్టివే కాని ఖర్చు హెచ్చు. రెండవది కంటెయినరు. ఇందులో కెర్నెల్ ఒక్కటే, గదులు మాత్రము వేరు. కోల్డు స్టోరేజిలో అవే కంప్రెసర్లు అందరి మిరపకాయలను చల్లబరచును. ఎవరి టిక్కీలు వారి గుర్తుతో, వారి చీటీతో వేరుగా నుండును. కంటెయినరును చూచి ఇది వేరొక కంప్యూటరని భ్రమపడరాదు. కెర్నెల్ అందరికి నొక్కటే యను మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు సదుపాయమును, ముందు చెప్పబోవు అపాయమును ఈ యొక్క మాటనుండియే పుట్టినవి.

ఈ గోడలు ఒక్కనాట కట్టబడినవి కావు. 1979 నాటి యూనిక్స్‌లోనే ఒక ప్రోగ్రామునకు ఫైళ్లలో ఒక భాగమును మాత్రమే చూపు సీహెచ్‌రూట్ అను ఏర్పాటుండెను. పిమ్మట లినక్స్‌లో నేమ్‌స్పేసులు వచ్చినవి. ఇవి ప్రతి గదికిని తన ఫైళ్లను, తన ప్రోగ్రాముల పట్టికను, తన నెట్‌వర్కును మాత్రమే కనబరచును. 2008లో కెర్నెల్‌లో చేరిన సీ-గ్రూపులు ఏ గదికి ఎంత మెమొరీ, ఎంత ప్రాసెసరు కాలము అని కొలిచి యిచ్చుటకు వీలు కలిగించినవి. ఈ రెండింటిని కలిపి వాడు ఎల్.ఎక్స్.సి. యను ఉపకరణము 2008లోను, డాకర్ 2013లోను వెలువడినవి. గది లోపల సర్వాధికారిగా కనబడు వాడుకరి, గది బయట 1,00,000 వంటి పెద్ద సంఖ్య గల సామాన్యుడే యగునట్లు అమర్చుటయు సాధ్యమే. అట్లమర్చిన గదిలో పిల్లవాడు ఏమి చెరిపినను నష్టము ఆ గదికే. పాత నమూనానుండి ఆ గదిని మరల కొద్ది నిమిషములలోనే నిలబెట్టవచ్చును.

ఇంతవరకు సులభమే. అక్షరములతో మాత్రమే నడచు పనులకు కంటెయినరు చక్కగా సరిపోవును. చిక్కంతయు చిత్రములతో వచ్చును. లెక్క వేసి చూతము. సామాన్యమైన తెరలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. మొత్తము 20,73,600 చుక్కలు. సెకనుకు 60 మారులు తెరను మరల గీయవలసివచ్చినచో, ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయింపవలెను. ఈ పనిని ప్రాసెసరే చేయబూనినచో దానికి వేరొక పనికి తీరిక యుండదు. అందుచేత ఒకే విధమైన చిన్న లెక్కలను వేలకొలదిగా ఒక్కమారే చేయగల గ్రాఫిక్స్ ప్రాసెసరును, అనగా జి.పి.యు.ను, కంప్యూటరులో అమర్చిరి. చిత్రముల పనిని దానికి అప్పగించుటనే హార్డువేరు ఆక్సిలరేషన్ అందురు.

కంటెయినరును క్రొత్తగా సృష్టించినపుడు దానికి ఈ జి.పి.యు. కనబడదు. డెస్కుటాపు తెర తెరుచుకొనును గాని, అందులో మెసా యను చిత్రలేఖన లైబ్రరీ తనలోని ఎల్.ఎల్.వి.ఎం.పైప్ అను భాగముతో ప్రాసెసరు చేతనే చుక్కలన్నియు గీయించును. కిటికీలను జరిపిన అవి ఆగి ఆగి కదలును, చలనచిత్రము తడబడును, ఫ్యాను గట్టిగా మ్రోగును. కంటెయినరు ఈ పనికి తగదని కొందరు అచ్చటనే విడిచిపెట్టుదురు. నిజమునకు లోపము కంటెయినరుది కాదు. అందియ్యవలసిన దానిని అందియ్యకపోవుటయే లోపము.

అందియ్యవలసిన దేమో తెలియుటకు పాతకాలపు జిన్నింగు మిల్లును తలచుకొనుడు. ఒక ఇంజను పొడవైన షాఫ్టును త్రిప్పుచుండెను. ఆ షాఫ్టునుండి ఒక్కొక్క జిన్నుకు ఒక్కొక్క బెల్టు పోవుచుండెను. జిన్ను నడుపువానికి బెల్టు అందిన చాలును. ఇంజను గది తాళపుచెవి అక్కరలేదు. లినక్స్‌లో జి.పి.యు. పరికరము రెండు విధములైన ఫైళ్లుగా కనబడును. వానిలో కార్డ్‌0 వంటి పేరు గలది ఇంజను గది తలుపు. దానిద్వారా అసలు తెర యొక్క అమరికలనే మార్చవచ్చును. రెండర్‌డి128 వంటి పేరు గలది బెల్టు. దానిద్వారా చిత్రములను గీయించుకొనవచ్చునే గాని తెరపై అధికారము రాదు. ఈ రెండవ విధమైన ద్వారము 2013లో వెలువడిన 3.12 కెర్నెల్‌తో లినక్స్‌లో ప్రవేశించెను. కెర్నెల్ ఒక్కటే గనుక, ఈ యొక్క ఫైలును గది లోపల కనబడునట్లు చేసినచో గదిలోని ప్రోగ్రాములు జి.పి.యు.ను నేరుగా వాడుకొనగలవు. ఒకే జి.పి.యు. పలు గదులకు ఏకకాలమున పని చేయును. వర్చువల్ మెషీనులలో ఇట్లు పంచుట కింకను ఎక్కువ ప్రయాస కావలెను.

ఇందుకు మూడు సంగతులు కూడిరావలెను. మొదటిది, ఆ ఫైలు గదిలో కనబడుట. రెండవది, దానిని తెరుచుటకు గదిలోని వాడుకరికి అనుమతి యుండుట. ఈ యనుమతి సాధారణముగా రెండర్ అను గ్రూపునకు ఇయ్యబడును. గ్రూపు పేరు లోపలను బయటను ఒక్కటే యైనను దాని సంఖ్య వేరుగా నుండవచ్చును. కెర్నెల్ చూచునది పేరును గాదు, సంఖ్యను. పెక్కుమంది తికమకపడునది ఇచ్చటనే. మూడవది, ఆ జి.పి.యు.కు తగిన డ్రైవరు లైబ్రరీ గదిలోపల ఉండుట. ఇంటెల్, ఎ.ఎం.డి. జి.పి.యు.లకు మెసా సామాన్యముగా చాలును. ఎన్‌విడియా వారి సొంత డ్రైవరును వాడినచో లోపలి లైబ్రరీల వెర్షనును, బయటి కెర్నెల్‌లోని డ్రైవరు వెర్షనును అక్షరమునకు అక్షరము సరిపోవలెను. బయట క్రొత్త వెర్షను వేసి లోపల మరచినచో మరునాడు తెరలు నిలిచిపోవును. అన్నియు కుదిరిన పిమ్మట గదిలో గ్లెక్స్‌ఇన్ఫో అను ఆజ్ఞ నిచ్చి చూడవలెను. చిత్రములను గీయువారి పేరుచోట ఎల్.ఎల్.వి.ఎం.పైప్ అని వచ్చినచో ఇంకను ప్రాసెసరే పాటుపడుచున్నదని యర్థము; జి.పి.యు. పేరు వచ్చినచో బెల్టు తగిలినదని యర్థము.

చిత్రము గీయుట ఒక పని, దానిని కన్నులకు చూపుట మరియొక పని. 1984లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పుట్టిన ఎక్స్ విండో పద్ధతి చిరకాలము ఈ పనిని నెరవేర్చినది. కాని అది పుట్టిన నాడు ఒక తెరపైని ప్రోగ్రాములన్నియు ఒకదాని నొకటి నమ్మును. ఒక ప్రోగ్రాము ప్రక్క ప్రోగ్రాములో నొక్కబడు మీటలను చదువగలదు. కావున బయటి ఎక్స్ తెరను గదులన్నిటికి పంచియిచ్చినచో గోడలు కట్టియు కిటికీ తలుపులను తీసివేసినట్లగును. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ ఆరంభించిన వేలాండ్ పద్ధతిలో ఏ ప్రోగ్రామునకు దాని కిటికీయే, దాని మీటలే. పాఠశాల వంటి చోట ప్రతి గదిలోను వేరుగా ఒక తెర సర్వరును నడిపి, దాని చిత్రమును ఆర్.డి.పి. వంటి పద్ధతిచే నెట్‌వర్కుమీద పాత యంత్రమునకు పంపుట మేలు. బెల్టు వంటి ఆ ద్వారము అసలు తెర లేకుండగనే చిత్రమును గీయగలదు గనుక ఇది చక్కగా అమరును.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. తెర తెరుచుకొననప్పుడు తొందరపడువారు ప్రివిలేజ్డ్ అను ఒక్క మాటను ఆజ్ఞలో చేర్చుదురు. వెంటనే అంతయు పనిచేయును. ఏలయనగా ఆ మాట బయటి పరికరముల నన్నిటిని గదికి అప్పగించి, కాపలాలను చాలవరకు తొలగించును. ఒక బాలిక తన ఉపకారవేతనపు దరఖాస్తును నింపుచున్న దనుకొనుడు. ఆమె ఆధారు సంఖ్యను, తండ్రి బ్యాంకు ఖాతాను, రహస్యపదమును టైపు చేయుచుండును. ప్రక్క గదిలో ఒక బాలుడు ఎచ్చటనో దొరికిన ఆటను నడుపుచుండును. ప్రక్క గది కట్ట దాటి వచ్చుటకు దారి విడిచియున్నచో, ఆ బాలుడు నిర్దోషియైనను ఆ యాట నిర్దోషి కాకపోవచ్చును. మిరప అమ్మిన డబ్బు పడు ఖాతా అది. కావున తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, తెర ఎంత వేగముగా కదలుచున్నదని మాత్రమే గాక, ఏ ద్వారము తెరిచి ఆ వేగము తెచ్చితిరని గూడ అడుగవలెను.

సరియైన ద్వారమునే తెరిచినను కొన్ని పరిమితులు మిగులును. కెర్నెల్‌లోగాని, జి.పి.యు. డ్రైవరులోగాని లోపమున్నచో ఆ లోపము అన్ని గదులకును లోపమే. అందుచేత సవరణలను ఎప్పటికప్పుడు వేయవలెను. మార్కుల పట్టికలు, ఫీజు లెక్కలు ఆ యంత్రములో నుంచరాదు. మెమొరీని కొలిచి యిచ్చినంత సులభముగా జి.పి.యు. కాలమును కొలిచి పంచుటకు వీలుపడదు. ఒక గదిలో భారమైన ఆట నడచినచో తక్కిన గదులు మందగించును. ఎన్ని గదులు పెట్టవలెనో పుస్తకమును చూచి గాక, రెండు, నాలుగు, ఆరు అని పెంచి చూచి నిర్ణయించుట యుక్తము.

మన భాషకు ఇందువలన గలుగు లాభమును గూడ చెప్పి ముగించెదము. స్వేచ్ఛ యను ఉద్యమమువారు డెబియన్ ఆధారముగా తెలుగు డెస్కుటాపును వెలువరించిరి. సి-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్స్‌లోను తెలుగునకు చోటు కలదు. తెలుగు అక్షరములను, టైపు చేయు పద్ధతిని, పాఠములకు వలయు ప్రోగ్రాములను ఒక్క గదిలో ఒక్కమారు శ్రద్ధతో అమర్చినచో, దానిని నమూనాగా నుంచుకొని ఎన్ని గదులనైనను తీయవచ్చును. ఒంగోలు చెంతనున్న పల్లెనుండి వచ్చిన బాలునకును, గుంటూరు పట్టణపు బాలికకును అదే తెర, అదే వేగము, తన భాషలో లభించును.

విద్యార్థులారా, వీలు దొరికినపుడు ఉపాధ్యాయుల యెదుట ఒక కంటెయినరును నిర్మించి చూడుడు. మొదట జి.పి.యు. లేకుండ నడిపి దాని మందగమనమును గమనింపుడు. పిదప ఆ యొక్క ఫైలును మాత్రము అందించి భేదమును కనుగొనుడు. అన్ని తలుపులను తెరిచి పని సాధించుట ఎవరికైనను సాధ్యమే. కావలసిన తలుపు ఏదో తెలిసికొని, దానినే తెరిచి, తక్కినవానిని మూసియుంచి పని సాధించుట విద్య.