ఎగరడం తగ్గించుకున్న మొక్క

గడ్డి చామంతి పూలు ఎండిపోయాక ఊదితే, గింజలు తెల్లని నూగుతో గాలిలోకి లేస్తాయి. ఇలా దూరం వెళ్లడం మొక్కకు మేలే. తల్లిమొక్కతో నీటికీ వెలుతురుకూ పోటీ పడకుండా కొత్త చోట మొలవవచ్చు. మరి చుట్టూ అంతా సిమెంటే ఉంటే?

దీనికి సమాధానం దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్ నగరంలో దొరికింది. అక్కడ కాలిబాటల వెంట నాటిన చెట్ల చుట్టూ చిన్న మట్టి పాదులు ఉంటాయి. వాటిలో క్రెపిస్ సాంక్టా అనే చిన్న మొక్క పెరుగుతుంది. ఇది కూడా చామంతి కుటుంబానిదే. పసుపు పూలు పూసి, ఏడాదిలోపే జీవితం ముగిస్తుంది.

ఈ మొక్కలో ఒకే పూగుత్తిలో రెండు రకాల గింజలు ఏర్పడతాయి. మధ్యలోని గింజలు తేలికగా, నూగుతో ఉండి గాలిలో ఎగిరిపోతాయి. అంచున ఉన్నవి బరువైనవి. నూగు లేకపోవడంతో తల్లిమొక్క దగ్గరే రాలతాయి.

షెప్టూ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎగిరే గింజలు తమ పాదులోనే నిలిచే అవకాశం బరువు గింజలతో పోలిస్తే 55 శాతం తక్కువ. పాదు దాటిన గింజల్లో చాలావరకు సిమెంటు మీద పడి వృథా అవుతాయి.

తర్వాత వారు పాదుల్లోని మొక్కల సంతతిని, విశాలమైన పచ్చిక నేలల్లోని మొక్కల సంతతిని ఒకే గ్రీన్‌హౌస్‌లో పెంచారు. అక్కడ కూడా పాదుల మొక్కల సంతతిలోనే బరువు గింజల వాటా ఎక్కువగా ఉంది. అంటే ఈ తేడా నగరపు మట్టి వల్ల వచ్చింది కాదు, వంశపారంపర్యంగా వచ్చింది. ఇందుకు సుమారు 5 నుంచి 12 తరాలు సరిపోయి ఉంటాయని వారి అంచనా. ఏడాదికో తరం కాబట్టి, దాదాపు అన్నే సంవత్సరాలు!

మొక్క కావాలని ఇలా మారలేదు. బరువు గింజలు ఎక్కువగా కాసే మొక్కల పిల్లలే పాదులో ఎక్కువగా మిగిలాయి. ప్రకృతి వరణం అంటే ఇదే.

అయితే ఈ లాభంలోనే ప్రమాదం కూడా ఉంది. రేపు ఆ పాదును సిమెంటుతో పూడ్చేస్తే, ఎగిరే గింజలు తగ్గిన మొక్కకు మరో చోటుకు చేరే దారులూ తగ్గుతాయి. వాతావరణం వేడెక్కినప్పుడు అనువైన చోటుకు తరలడమూ కష్టమవుతుంది. అందుకే నగరంలో పచ్చని చోట్లు ఎన్ని ఉన్నాయో చూసేటప్పుడు, ఒకదాని నుంచి మరొకదానికి ఒక గింజ చేరగలదా అన్నది కూడా చూడాలి.