ఒక భుజాన టపా సంచి, ఒక భుజాన నాగలి

మన ఊళ్లలో సర్కారు మనిషి వస్తున్నాడంటే పేదవాడికి గుండె దడ. పోలీసు వచ్చినా దడే, శిస్తు కోసం వచ్చినా దడే. భయం లేకుండా, తొవ్వ పొడుగునా చూపు పెట్టి ఎదురుచూసిన సర్కారు మనిషి ఒక్కడే – టపా మనిషి. కాని ఆ మనిషిని మాత్రం సర్కారు తన మనిషి అని ఒప్పుకోలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇప్పటి నారాయణపేట జిల్లాలో, మక్తల్ వైపు ఒక చిన్న ఊళ్లో అలాంటి పెద్దాయన ఒకరు ఈమధ్య 88వ ఏట కన్నుమూశారు. 1962లో సంచి భుజానికెత్తుకున్నారు. 65 ఏళ్లు నిండాయని 2001లో దింపించారు. 39 ఏళ్ల చాకిరీ. ఆయనకు రెండెకరాల చెలక ఉండేది. జొన్న, కంది, ఆముదం వేసేవారు. కోడికూతకు నాగలి కట్టి, పొద్దు బారెడెక్కేసరికి ఎద్దులను విప్పి, రోడ్డు మీదికి పోయి బస్సులో వచ్చిన సంచి అందుకునేవారు. లక్క ముద్ర సరిచూసి బ్రాంచి పోస్టాఫీసులో అప్పజెప్పి, పంచవలసినవి తీసుకొని మూడు ఊళ్లు తిరిగేవారు. పోను రాను పది మైళ్లు. వాగు వస్తే సంచి నెత్తిన పెట్టుకొని దాటడమే.

ఈ కొలువుకు సర్కారు పెట్టిన పేరు 'ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు'. అంటే శాఖ పని చేస్తాడు గాని శాఖ మనిషి కాడన్నమాట. 1964లో వీళ్లకు వేరే నిబంధనలు రాశారు. పని రోజుకు కొన్ని గంటలేనన్నారు. వేరే బతుకుతెరువు ఉన్నవాడే ఈ కొలువుకు రావాలన్నారు. కనుక ఇది పూర్తి ఉద్యోగం కాదు, శాఖ ఉద్యోగులకిచ్చే పింఛను రాదు అన్నారు. సెలవు కావాలంటే బదులు మనిషిని తానే చూపాలి. విత్తనాల అదను వచ్చినప్పుడు ఈ పెద్దాయన కొడుకును బడి మాన్పించి సంచి మోయించారు.

ఆ షరతులోని కిటుకు చూడండి. వేరే బతుకుతెరువు ఉండాలంటే అర్థమేమిటి? మేమిచ్చే జీతం నీకు చాలదు, తక్కువైంది నీ చేను పెడుతుంది అని. సర్కారు ఇవ్వవలసిన కూలిలో సగం ఆ రెండెకరాల చెలక ఇచ్చింది. మరి వానలు ఎగ్గొట్టిన ఏడు? ఆయన భార్య కూలికి పోయింది. అంటే ఆ కలుపు కూలి మీద భారత ప్రభుత్వ టపా నడిచింది! పెద్దాయన ఒకసారి నాతో అన్నమాట: "కాళ్లు సర్కారుకిచ్చిన బిడ్డా, కడుపు మాత్రం చెలకే చూసుకున్నది."

ఇంకో సంగతి కూడా ఉంది. ఇతర ఆదాయం ఉండాలన్న షరతు వల్ల భూమి లేనివాడికి ఆ కొలువు అందని పండే అయింది. అందుకే చాలా ఊళ్లలో పోస్టాఫీసు కలిగినవాళ్ల అరుగు మీదే ఉండేది.

పాలమూరు కూలీలు నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టల మీద రాళ్లు మోశారు, బొంబాయి పోయి మట్టి తవ్వారు. వాళ్ల చెమట ఇంటికి మనియార్డరుగా వచ్చేది. ఆ రోజు వడ్డీ వ్యాపారి పోస్టాఫీసు అరుగు మీద ముందే వచ్చి కూచునేవాడు. వేలిముద్ర పడీ పడకముందే పైసలు వాడి చేతిలోకి పోయేవి. ఇది చూసి పెద్దాయన ఒక పని చేశారు. ఆడవాళ్లు కలుపు తీస్తున్న చేలోకే నేరుగా పోయి, పక్క కూలి మనిషి సాక్షిగా వేలిముద్ర వేయించుకొని, పైసలు లెక్కబెట్టి చేతిలో పెట్టేవారు. నిబంధన ఎక్కడా తప్పలేదు, వ్యాపారికి మాత్రం కడుపుమంట. జాబులు చదివిపెట్టడం, జవాబులు రాసిపెట్టడం ఎలాగూ ఉన్నాయి. ఆ గంటలు ఏ లెక్కలోనూ ఎక్కలేదు.

ఈ సందర్భంలో మా తప్పు కూడా చెప్పుకోవాలి. 2006లో ఉపాధి హామీ పనులు మొదలయ్యాక మన దగ్గర కూలి డబ్బులు పోస్టాఫీసుల నుంచి ఇచ్చేవారు. వారాల తరబడి డబ్బు రాకపోతే మేము పోయి పోస్టు మనిషి మీద అరిచాం. అప్పటికే కొలువు దిగిపోయిన ఈ పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "పైనుంచి పైసలు రాకుంటే వాడేడ తెస్తడు బిడ్డా? వాడూ నీ లెక్క కూలోడే గద" అన్నారు. సిగ్గుపడ్డాను. తగవు ఎవరితో పెట్టుకోవాలో ఆ మాట నేర్పింది.

ఈడీ ఏజెంటు సివిల్ పోస్టులో ఉన్నవాడేనని, ఇష్టమొచ్చినట్టు తీసేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1977లోనే తీర్పు చెప్పింది. జస్టిస్ తల్వార్ కమిటీ 1997లో నివేదిక ఇచ్చింది. 2001లో వీళ్ల పేరు 'గ్రామీణ డాక్ సేవక్' అయింది. ఏజెంటు పోయి సేవకుడు వచ్చాడు, హోదా మాత్రం రాలేదు. 2018 మే 22 నుంచి దేశమంతటా 16 రోజులు సమ్మె చేశాకే, జూన్ 6న కేంద్ర మంత్రివర్గం కొత్త వేతనాలు ఒప్పుకుంది. 4 గంటల పనికి డాక్ సేవక్‌కు కనీసం 10,000 రూపాయలు, బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000. అడిగినందుకు రాలేదు, పని ఆపినందుకు వచ్చింది. అప్పుడు 82 ఏళ్ల పెద్దాయన కట్టె పట్టుకొని శిబిరానికి వచ్చి కూచున్నారు. "నాకేం రాదు, తెలుసు. నా తర్వాతోనికన్న రానీ" అన్నారు.

శాఖ ఉద్యోగుల హోదా, వాళ్లతో సమానంగా పింఛను ఈ రోజుకూ రాలేదు. ఆయన చివరి రోజుల్లో చెలకలో ఎకరం వైద్యానికి అమ్ముకున్నారు. సంచి మోసినన్నాళ్లూ చెలకే పోషించింది, చివరికి మందుల ఖర్చూ చెలకే పెట్టుకుంది.

వ్యవసాయ కూలి సోదరులారా, అక్కచెల్లెళ్లారా! కూలి తక్కువిచ్చి 'నీకు ఇంకో పని ఉందిగా' అనే మాట మనకు కొత్త కాదు. మన చేలల్లో ఆసామి అంటాడు, అక్కడ సర్కారే అంటోంది. రేపు టపా మనిషి సమ్మె డేరా వేస్తే ఎర్రజెండా పట్టుకొని ముందుగా పోవలసింది మనమే. మన చేలోకి వచ్చి మన పైసలు మన చేతిలో పెట్టిన మనిషి రుణం అలాగే తీరుతుంది.