రైనియర్ కొండ: భయం లావాతో కాదు, బురదతో

పోయిన నెల మా అక్క సియాటిల్ నుంచి వీడియో కాల్ చేసింది. "ఒరేయ్, ఒక ఇల్లు చూశాంరా, వంటింటి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది" అని కెమెరా అటు తిప్పింది. తెల్లగా వెన్నముద్దలా మౌంట్ రైనియర్. ఎత్తు 4,392 మీటర్లు. ఇల్లున్న ఊరు ఆర్టింగ్. ఆ పేరు సెర్చ్ చేశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రైనియర్ ఒంటరి కొండ కాదు. కెనడా దక్షిణ భాగం నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా సుమారు 1,100 కిలోమీటర్లు సాగే కాస్కేడ్ శ్రేణిలో ఒకటి. సముద్రం మీంచి వచ్చే మేఘాలను ఈ శ్రేణి అడ్డుకుంటుంది. అందుకే పడమట సియాటిల్ వైపు ముసురు, తూర్పున యాకిమా వైపు ఎండ. స్టిక్కరు అంటించుకుని మన పండ్ల బండి మీదికొచ్చే వాషింగ్టన్ యాపిల్స్ ఎక్కువగా పండేది ఆ తూర్పు వైపే.

మరి ఇన్ని అగ్నిపర్వతాలు వరసగా ఎందుకున్నాయి? తీరం దగ్గర సముద్రం అడుగున ఉన్న హువాన్ డి ఫూకా ప్లేటు, ఉత్తర అమెరికా ప్లేటు కిందికి దూరుతోంది. దూరిన ప్లేటే కరిగి లావా అవుతుందని నేను చాలాకాలం అనుకున్నా. అసలు పని చేసేది నీళ్లు. ఆ ప్లేటు రాళ్లలో ఇరుక్కున్న నీరు లోతుకు వెళ్లాక బయటపడి, పైనున్న వేడి రాతిలో కలుస్తుంది. ఉప్పు చల్లితే ఐసు త్వరగా కరిగినట్టు, నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

హవాయి లావా లేత పాకంలా జారిపోతుంది. ఇక్కడ చాలా కొండల్లో ముదురు పాకం, లోపలి గ్యాసు తేలిగ్గా బయటికి రాదు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్‌లో ఒక భూకంపానికి ఉత్తరపు పక్క జారిపోయింది, బిగించి ఉన్న గ్యాసు ఒక్కసారిగా పేలింది. 57 మంది పోయారు. కొండ ఎత్తు దాదాపు 400 మీటర్లు తగ్గింది.

రైనియర్‌తో భయం వేరు. అక్కడ మంచు ఎక్కువ. కొండ లోపలి వాయువులు నీటిలో కలిసి యాసిడ్‌లా మారి, రాతిని మెత్తటి బంకమట్టి చేస్తాయి. చెదలు పట్టిన గుమ్మం చూశారా? పైన రంగు నిగనిగలాడుతుంది, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. అలాంటి పక్క కూలితే మట్టి, మంచు, బండలు, చెట్లు కలిసి తడి కాంక్రీటులా లోయ పట్టుకుని వస్తాయి. దాన్నే లాహార్ అంటారు.

సుమారు 5,600 ఏళ్ల క్రితం అలాంటిది ఒకటి సముద్రపు పాయ దాకా వెళ్లింది. సుమారు 500 ఏళ్ల క్రితం ఇంకొకటి ఇప్పుడు ఆర్టింగ్ ఉన్న చోటును కప్పేసింది. ఇళ్లకు పునాదులు తవ్వుతుంటే ఆనాటి చెట్ల మొదళ్లు బయటపడ్డాయి! నన్ను భయపెట్టింది ఇంకోటి: ఆ 500 ఏళ్ల నాటి దానికి పెద్ద విస్ఫోటనం జరిగిన ఆనవాళ్లే దొరకలేదు. అంటే పొగ, బూడిద కనిపించాక పరుగెడదాం అంటే కుదరకపోవచ్చు.

ఇది ఊహ కాదు. 1985లో కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ పేలింది చిన్నగానే. కానీ పైన మంచు కరిగి వచ్చిన బురద అర్మెరో అనే ఊరిని ముంచేసింది. 20 వేల మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక వాళ్లకు సమయానికి అందలేదు.

రైనియర్ లోయల్లో 1998 నుంచి నేల అదురును పట్టే పరికరాలున్నాయి, ఊళ్లలో సైరన్లున్నాయి. స్కూలు పిల్లలు ఎత్తైన చోటుకు నడిచే డ్రిల్ చేస్తారు. సైరన్ మోగాక ఆర్టింగ్ వాళ్లకు దొరికేది సుమారు గంట టైమే.

ఇదంతా అక్కకు చెప్తే "నువ్వు అన్నీ ఇంతేరా" అని కోప్పడింది. బావ మాత్రం మరుసటి ఆదివారం ఆ ఇంటి దగ్గర కారు ఆపి, గట్టు మీదికి నడిచి చూశాడు. 40 నిమిషాలు. ఒక్కడే, చేతిలో ఏమీ లేకుండా. అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. ఇల్లు ఇంకా ఖాయం చేయలేదు.