తెల్లకర్రకు తోడుగా సెన్సర్: దృష్టిలోపం గలవారి సురక్షిత నడక

1. ఉపోద్ఘాతం

నల్లగొండ జిల్లాలోని హాలియా నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టు ప్రాంతపు పట్టణం. వరికోతల కాలంలో ఈ ప్రాంతంలో రోడ్లే కల్లాలవుతాయి. రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు. మరో పక్కన ఆగి ఉన్న ట్రాక్టర్లు, దుకాణాల ముందుకు చొచ్చుకువచ్చిన రేకులు ఉంటాయి. చూపున్నవారు తప్పుకొని పోయే ఇటువంటి దారిలో దృష్టిలోపం గలవారికి సెన్సర్ పరికరాలు ఎంతవరకు తోడ్పడతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తెల్లకర్ర పరిధి

తెల్లకర్ర నేల స్వభావాన్ని తెలిపే సాధనం. దానిని అడుగడుగునా ఎడమకు, కుడికి కదిలిస్తూ గుంతలను, మెట్లను, రాళ్లను గుర్తిస్తారు. అయితే కర్ర కొనకు తగిలేవి నేలకు దగ్గరగా ఉన్నవే. మోకాలికి పైన ముందుకు పొడుచుకువచ్చిన ట్రాలీ అంచు, రేకు, వంగిన కొమ్మ వంటివి కర్రకు తగలకుండానే మనిషికి తగులుతాయి.

3. సెన్సర్ పనిచేసే విధానం

ఈ లోటును తీర్చడానికి ఢిల్లీ ఐఐటీలో ఆచార్య ఎం. బాలకృష్ణన్ బృందం ‘స్మార్ట్‌కేన్’ను రూపొందించింది. 2014లో అది వినియోగంలోకి వచ్చింది. తెల్లకర్ర పిడికి అమర్చే ఈ పరికరం మనిషి చెవికి వినిపించని అతిధ్వనులను ముందుకు పంపుతుంది. అవి అడ్డంకిని తాకి తిరిగివచ్చే సమయాన్నిబట్టి దూరాన్ని లెక్కిస్తుంది. 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 3 మీటర్ల దూరంలోని గోడను తాకి రావడానికి పట్టే కాలం సుమారు 17.5 మిల్లీసెకన్లు మాత్రమే.

ఈ పరికరాన్ని దగ్గరి అడ్డంకులకు 1.8 మీటర్ల పరిధిలోను, ఆరుబయట 3 మీటర్ల పరిధిలోను వాడుకోవచ్చు. దూరాన్నిబట్టి పిడిలోని కంపనం మారుతుంది. హెచ్చరిక చేతికి అందుతుంది గనుక వాహనాల చప్పుడును గమనించవలసిన చెవికి ఆటంకం ఉండదు.

4. పరిమితులు

అతిధ్వనికి తగినంత ప్రతిధ్వని అవసరం. మెత్తని బట్ట ధ్వనిని కొంత పీల్చుకుంటుంది. ఏటవాలుగా ఉన్న నున్నని తలం దానిని పక్కకు మళ్లిస్తుంది. ఉష్ణోగ్రత ప్రభావమూ ఉంది. 45 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సుమారు 358 మీటర్లకు పెరుగుతుంది. ఆ తేడాను సరిచేయని పరికరం 3 మీటర్ల దూరాన్ని దాదాపు 13 సెంటీమీటర్లు తక్కువగా చూపుతుంది. ఇది నడకకు పెద్ద ప్రమాదం కాదు. అసలు ప్రమాదం నేల మీద ఉంది. వడ్ల అంచున పెట్టిన రాయి, మూతలేని మురికికాలువ మోకాలికి పైభాగాన్ని గమనించే సెన్సర్‌కు అందవు. వాటిని కర్ర కొనే కనిపెట్టాలి.

5. ముగింపు

కాబట్టి సెన్సర్ తెల్లకర్రకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు. కర్రతో నడిచే శిక్షణ పొందినవారికే దాని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 41వ సెక్షన్ వారి రాకపోకలకు అనువైన రోడ్ల ఏర్పాటును ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. కల్లాలకు వేరే చోటు చూపడం, మురికికాలువలకు మూతలు వేయడం ఆ బాధ్యతలో భాగమే. పరికరం అడ్డంకిని తెలుపగలదు. దానిని తొలగించవలసినది సమాజమే.