ఆర్పీఎం మీటరు వెనక తీగలు

విశాఖ నుంచి అరకు వెళ్లే రోడ్డు ఎస్.కోట దాటాక ఘాట్ ఎక్కుతుంది. అనంతగిరి మలుపుల్లో డ్రైవరుకి స్పీడు కంటే ముఖ్యమైన లెక్క ఒకటుంది: ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది? ఎక్కేటప్పుడు ఆ లెక్క మరీ పడిపోతే ఇంజను లాగలేక వణుకుతుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా చిన్న గేరులో వస్తాం కాబట్టి అది మరీ పెరిగే ప్రమాదం ఉంది. పైగా అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి తీరంలో కంటే సుమారు 8 శాతం పలచన. పాత కార్బురేటర్ ఇంజను బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది.

ఆ చుట్లు చూపించేదే టాకోమీటర్, మన భాషలో ఆర్పీఎం మీటరు. పాత మార్క్ మోడల్ అంబాసిడర్లలో అది ఉండదు. అరకులో ఉండే మా మామయ్య తన పెట్రోలు అంబాసిడర్ కోసం పాత సామాన్ల షాపులో బ్రిటన్ స్మిత్స్ కంపెనీ మీటరు ఒకటి కొన్నాడు. వైరింగ్ బొమ్మ లేదు. “ఒరేయ్, కంప్యూటర్లు చదువుతున్నావు కదా, ఈ తీగలేంటో చూడరా” అని నా చేతిలో పెట్టాడు. ఇంజన్లు మన సిలబస్‌లో లేవు. కానీ డాక్యుమెంటేషన్ లేని కోడ్ చదవడం మనకి అలవాటే కదా!

ముందు మీటరు ఏం లెక్కపెడుతుందో తెలియాలి. అది చుట్లని నేరుగా చూడదు, ప్లగ్గుల దగ్గర పుట్టే నిప్పురవ్వల్ని లెక్కపెడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరుకి రెండు చుట్లకోసారి రవ్వ పడుతుంది. నాలుగు సిలిండర్లకి కలిపి చుట్టుకి రెండు. అంటే 3000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 6000, సెకనుకి 100 రవ్వలు. ఆరు సిలిండర్ల కారు మీటరుని నాలుగు సిలిండర్ల కారుకి పెడితే మూడింట రెండు వంతులే చూపిస్తుంది. 900 ఉంటే 600 అంటుంది.

ఆ రవ్వ ఇగ్నిషన్ కాయిల్ నుంచి వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే ఆ కరెంటు తెగి, ప్లగ్గుకి వేల వోల్టులు అందుతాయి. మీటరు ఈ తెగడాన్ని రెండు రకాలుగా పట్టుకుంటుంది. డయల్ మీద ఆర్‌వీఐ అని ఉంటే కాయిల్‌కి వెళ్లే కరెంటు మీటరు వెనకున్న తీగ చుట్టులోంచే వెళ్లాలి. ఆర్‌వీసీ అని ఉంటే కాయిల్ నెగటివ్ నుంచి ఒక తీగ తెస్తే చాలు. పాత లూకాస్ కాయిల్ మీద ఆ కొనకి సీబీ అని, రెండో కొనకి ఎస్‌డబ్ల్యు అని రాసి ఉంటుంది.

మాది ఆర్‌వీఐ. మీటరు కారుకి కలపకముందే మల్టీమీటర్ పెట్టి చూశాను. రెండు తెల్ల కొసల మధ్య దాదాపు సున్నా ఓమ్‌లు: అదే ఆ చుట్టు. మీటరు డబ్బాతో కలిసిన నల్లది ఎర్త్. కొన్ని ఓమ్‌లు చూపించిన ఎరుపు-తెలుపు జంటరంగు తీగ లోపలి బల్బుది. మిగిలిన ఆకుపచ్చ తీగకి తాళం తిప్పాక వచ్చే 12 వోల్టులు ఇవ్వాలి. రంగుల్ని బట్టి ఊహించొచ్చు, కానీ మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే? అందుకే కొలిచాకే నమ్మాలి.

ఇంకో మెలిక ఉంది. 1960ల మధ్య వరకు చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపేవారు. అలాంటి మీటరుని నెగటివ్ ఎర్త్ కారులో పెడితే లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. కొన్ని డయళ్ల మీద ఏ ఎర్తో రాసి ఉంటుంది. ముందు అది చూడండి.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన విషయం ఇది. మీటరు కేవలం చూస్తుంది, దాని వల్ల ఇంజనుకి ఏమీ కాదు అనుకుంటాం. కాదు! ఆర్‌వీఐలో ఆ తెల్ల తీగ జాయింటు ఊడితే కాయిల్‌కి కరెంటు ఆగి, బండి మలుపులోనే ఆగిపోతుంది. ఆర్‌వీసీలో తీగ తెగితే ముల్లు మాత్రమే పడిపోతుంది, కానీ అదే తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే రవ్వ ఉండదు, ఇంజనూ ఉండదు. రీడ్ ఓన్లీ అనుకున్న ఫంక్షన్ ప్రోగ్రాం మొత్తాన్నీ ఆపేసినట్టు.

కాబట్టి ఆ జాయింట్లు మెలితిప్పి టేపు చుడితే చాలదు, సరైన టెర్మినల్ నొక్కించాలి. రేకు అంచుల దగ్గర తీగకి గొట్టం తొడగాలి. ఆర్డుయినో పిన్నుని నేరుగా కాయిల్‌కి తగిలించాలని మీకు సరదా పుట్టొచ్చు. వద్దు, పాయింట్లు తెరుచుకున్నప్పుడు అక్కడ 200 వోల్టులు దాటుతుంది. సంతలకి జనాన్ని మోసే డీజిల్ జీపులకి ఈ పద్ధతి అసలు కుదరదు, వాటికి కాయిలే లేదు. అలాంటి బండికి ఆల్టర్నేటర్‌కి డబ్ల్యు టెర్మినల్ ఉంటే అక్కడి నుంచి లెక్క తీసుకోవాలి.

మామయ్య డాష్‌బోర్డు అరలో ఇప్పుడు రెండు కొసలకీ టెర్మినల్ ఉన్న జానెడు తీగ ఒకటి ఉంటుంది. ఘాట్‌లో మీటరు మొరాయిస్తే, ఇగ్నిషన్ ఆపి, కారువైపు తెల్ల తీగ కొసలు రెండిటినీ దాంతో కలిపేయాలి. మీటరు పని చేయదు. బండి మాత్రం ఇంటికి చేరుతుంది.