అటకమీది ఇత్తడి - వాకిట్లో బేరం

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపే రోజుల్లోనూ, జూన్‌లో బడి ఫీజులు కట్టే రోజుల్లోనూ విజయవాడ పాత సామాను వర్తకులకు చేతినిండా పని వుంటుంది. అటకల మీద నుంచి గంగాళాలు, గుండిగలు, కాగులు దిగుతాయి. మొదటి సందర్భంలో అమ్మేవారికి తొందర లేదు. రెండవ సందర్భంలో వున్నది. సరుకు అదే, తూకం అదే. చేతికి వచ్చే సొమ్ములో మాత్రం చాలా తేడా.

కృష్ణా డెల్టాలో ఇంత ఇత్తడి ఎక్కడిదంటే, కాలువల చలవే అనాలి. 1855లో ఆనకట్ట పూర్తయి మాగాణి పెరిగిన తరువాత ధాన్యం మిగులు సొమ్ములో కొంత భూమి మీదకు, కొంత బంగారం మీదకు పోగా, మిగతాది పాత్ర సామాను మీదకు మళ్లింది. ఆడపిల్ల కాపురానికి వెళ్తే నీళ్ల గంగాళం మొదలు మరచెంబు దాకా పుట్టింటివారు పెట్టవలసినదే. ఆ తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు వంటింట్లోకి వచ్చి ఇత్తడిని అటకెక్కించింది. పెళ్లి వంటలు కేటరింగ్ వారికి అప్పగించడం మొదలైన తరువాత వందమందికి వండే గుండిగలకు పని లేకుండా పోయింది. గుడివాడ, అవనిగడ్డ, తెనాలి ప్రాంతాల్లో తాళం వేసిన ఇళ్లలో ఇప్పటికీ ఈ సరుకు దండిగానే వున్నది.

సరుకు వున్నవారికి దాని విలువ తెలియకపోవడంతోనే చిక్కు వచ్చిపడుతున్నది.

వాకిట్లో జరిగేది

వీధిలో కేక వినబడుతుంది. ఇల్లాలు రెండు బిందెలు, ఒక గంగాళం, నాలుగు చెంబులు తెచ్చి అరుగు మీద పెడుతుంది. "అమ్మగారూ, అంతా పాత సరుకు. కళాయి వుంది, అడుగున మట్టి వుంది. తరుగు పోను లెక్క వేస్తాను" అంటాడు బేరగాడు. "ఎంత తరుగు బాబూ?" అని అడిగే లోపలే కొక్కెపు త్రాసు పైకి లేస్తుంది. ముల్లు నిలవక ముందే అంకె చెప్పడం అయిపోతుంది. గంగాళం 12 కిలోలు తూగినదనుకుంటే, 2 కిలోలు తరుగు కింద తీసేశాడంటే సరుకులో ఆరో వంతు పోయినట్లే. ధర దగ్గర అర్ధగంట బేరమాడి కిలోకు పది రూపాయలు పెంచుకున్నామని సంతోషించే ఇల్లాలు, తరుగు దగ్గర అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకున్న సంగతి గమనించదు.

కళాయి వున్న పాత్రకు ధర తగ్గించడంలో కొంత న్యాయం లేకపోలేదు. కళాయి అంటే తగరం పూత. కరిగించినప్పుడు అది ఇత్తడిలో కలిసి నాణ్యం మారుతుంది. ఇనుప పిడి, సీసపు అతుకు వుంటే వాటి బరువు తీసివేయడమూ సబబే. అయితే పిడిని ఇంట్లోనే వూడదీయవచ్చు. మట్టిని చింతపండుతో తోముకోవచ్చు. ఆ రెండు పనులూ చేసి, దగ్గరలోని కిరాణా కొట్టులో ఒకసారి తూయించి, అంకె కాగితం మీద రాసుకున్న తరువాత బేరగాడిని పిలిస్తే వాకిట్లో సంభాషణ వేరుగా వుంటుంది. త్రాసుపైన తూనికలు కొలతల శాఖ ముద్ర వున్నదా అని అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

డబ్బుకు బదులు స్టీలు గిన్నెలో ప్లాస్టిక్ బకెట్లో ఇచ్చే మార్పిడి బేరాల్లో నష్టం మరీ ఎక్కువ. అక్కడ రెండు ధరలూ - ఇచ్చేదానిదీ, పుచ్చుకొనేదానిదీ - బేరగాడే కడతాడు.

ధర ఎక్కడ పుడుతుంది?

ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం. రాగి పాలు సుమారు 60 నుంచి 70 శాతం దాకా వుంటుంది. కనుక విజయవాడ వన్‌టౌన్‌లో పాత ఇత్తడి ధర పెరిగినా తగ్గినా అందుకు మూలం దూరాన లండన్ లోహాల ఎక్స్ఛేంజిలో వుంటుంది. 2020 మార్చిలో కరోనా భయంతో అక్కడ రాగి టన్ను 5,000 డాలర్లకు దిగువకు పడిపోయింది. 2024 మేలో 11,000 డాలర్లు దాటింది. నాలుగేళ్లలో అటకమీది గంగాళం విలువ రెట్టింపైనదన్న మాట. లాక్‌డౌన్ నెలల్లో ఇంటి ఖర్చుకు గంగాళం తీసి అమ్ముకున్నవారికి దక్కినది అడుగు ధర. అందుకు వారిని తప్పుపట్టి లాభం లేదు. కూలి, జీతం ఆగిపోయిన ఇంట్లో ధర కోసం ఎవరు కాచుకుంటారు?

వాకిట్లో కొన్న సరుకు చిన్న దుకాణానికి, అక్కడి నుంచి టోకు వర్తకునికి, అతని దగ్గర నుంచి కరిగించేవారికి పోతుంది. కొంత గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు చేరి కుళాయి భాగాలుగా, నట్లు బోల్టులుగా మారుతుంది. పక్కనే గోదావరి డెల్టాలో, పెరవలి మండలం అజ్జరం గ్రామంలో, పాత ఇత్తడిని కరిగించి తిరిగి పాత్రలు చేసే పని తరతరాలుగా సాగుతున్నది. కృష్ణా జిల్లా ఇంట్లో అమ్ముడైన బిందె, కొత్త బిందెగా మళ్లీ ఇక్కడి పెళ్లి పందిరికే వచ్చినా ఆశ్చర్యం లేదు. మధ్యలో ప్రతి చేయీ తన లాభం తాను ఉంచుకుంటుంది. అమ్మే ఇల్లాలు ఒక్క మెట్టు పైకెక్కి నేరుగా దుకాణానికి వెళ్తే, మొదటి చేతి లాభం ఆమెకే మిగులుతుంది. ఆటో కిరాయి పోను గిట్టాలంటే సరుకు కొంచెం ఎక్కువ వుండాలి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలిసి వెళ్లడం తెలివైన పని.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది కంచు దగ్గర. కంచులో రాగితో కలిసేది తగరం, అది సుమారు అయిదో వంతు దాకా వుంటుంది. తగరం రాగి కంటే ఎంతో ఖరీదైన లోహం. అయినా పాత కంచు కంచాలు, గిన్నెలు ఇత్తడితో కలిపి ఒకే తూకం వేయించుకొనే ఇళ్లు చాలా వున్నాయి. గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. వేలితో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది. కిందపడితే ఇత్తడి సొట్టపోతుంది, కంచు పగులుతుంది. పగిలిన కంచు ముక్కలకు కూడా లోహం ధర వస్తుంది కనుక వాటిని పారవేయరాదు. ఇక రాగి చెంబులు సరేసరి - వాటిని ఇత్తడి రాశిలో వేయకుండా విడిగా తూయించాలి. జర్మన్ సిల్వర్ గిన్నెలను వెండి అనుకుని ఆశపడేవారూ వున్నారు. అందులో రాగి, తుత్తునాగం, నికెల్ తప్ప వెండి ఇసుమంతయినా లేదు.

మామ్మగారి మూటలో రూపాయలు

ఇత్తడి తరువాత ఇళ్లలో ఎక్కువగా బయటపడేవి పాత వెండి రూపాయలు. ఇక్కడ సంవత్సరం చూసుకోవడం ముఖ్యం. ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి బొమ్మలున్న రూపాయ బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అంటే దాదాపు 10.7 గ్రాముల అసలు వెండి. 1940లో యుద్ధకాలపు కొరత వల్ల వెండిని 50 శాతానికి తగ్గించారు. ఆరవ జార్జి బొమ్మతో 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయల్లో వెండి 5.83 గ్రాములే. 1947 రూపాయ పూర్తిగా నికెల్. దానికి వెండి ధర లేదు. మూడు రకాలనూ ఒకే మూటలో కట్టి "అన్నీ పాత రూపాయలే, ఇంతకు తీసుకుంటాను" అనే వర్తకుడు తక్కువ రకం ధరనే కడతాడు. మూట విప్పి సంవత్సరాల వారీగా పేర్చడానికి పట్టేది పది నిమిషాలు.

నగల విషయంలో మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి పేరు చెప్పకుండా వుండలేము. రోల్డుగోల్డు నగలకు ఆ వూరు పెట్టింది పేరు. పనితనం అంత నాణ్యంగా వుండటం వల్ల అత్తగారి పెట్టెలోని గొలుసు బంగారమో చిలకలపూడిదో తెలియక ఇబ్బందిపడే కుటుంబాలున్నాయి. గిల్టు నగకు కొన్న ధరలో తిరిగి వచ్చేది దాదాపు శూన్యం. అనుమానం వుంటే అమ్మకానికి ముందే పరీక్ష చేయించాలి. బి.ఐ.ఎస్. గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రాలు రుసుము పుచ్చుకొని ఈ పని చేసిపెడతాయి.

అసలు బంగారం అయితే మూడు సంగతులు. పాత గుండ్లలో లక్క, హారాల్లో రాళ్లు వుంటాయి. వాటి బరువు ఎంత తీసేశారో కాగితం మీద రాయించుకోవాలి. 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్కు నిబంధన నగలు అమ్మే వర్తకులకు సంబంధించినది. ముద్ర లేని పాత నగను గృహస్థు అమ్ముకోవడానికి అడ్డు లేదు. ముద్ర లేదని సగం ధర చెప్పడం బేరమే తప్ప చట్టం కాదు. గృహస్థు తన పాత నగను అమ్ముకోవడం వ్యాపారం కిందకు రాదు కనుక దానిపై జి.ఎస్.టి. పడదని కేంద్ర ప్రభుత్వం 2017 జులైలోనే స్పష్టం చేసింది. ఆదాయపు పన్ను సంగతి వేరు. ఇంటి వాడకపు పాత్రలు, ఫర్నిచరు అమ్మగా వచ్చిన లాభంపై మూలధన లాభాల పన్ను లేదు. నగలకు ఆ మినహాయింపు వర్తించదు.

నీటిలో మునిగిన సామాను

తొందర అమ్మకం ఎంత నష్టమో 2024 సెప్టెంబరులో విజయవాడ కళ్లారా చూసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో వున్నది. ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన రోజులవి. నీరు తీసిన తరువాత ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, పరుపులు, బీరువాలు వీధుల్లోకి వచ్చాయి. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించింది. ఇల్లంతా కొత్తగా సమకూర్చుకోవలసిన కుటుంబానికి అది ఏ మూలకు? తడిసిన యంత్రాలను బాగుచేయించే ఓపిక, డబ్బు లేనివారు తుక్కు తూకానికి వదిలేసుకున్నారు. బురద కడిగితే మునుపటిలా నిలిచినవి స్టీలు, ఇత్తడి, రాగి పాత్రలే. పాత ఫ్రిజ్జు, ఏసీ అమ్మేటప్పుడు గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. ఏసీ లోపలి చుట్ట రాగిదైతే ఒక ధర, అల్యూమినియందైతే మరొక ధర. కొన్నప్పటి కాగితం దాచుకున్నవారు ఆ మాట రుజువు చేయగలుగుతారు.

పాత పేపర్ల గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. తడి తగలకుండా, అట్టపెట్టెలు వేరుగా, పుస్తకాలు వేరుగా కట్టితే చాలు. ఈ పేజీ కూడా నెలాఖరుకు ఆ కట్టలో చేరవలసినదే. తాళపత్రాలు కనిపిస్తే మాత్రం తూకానికి వేయరాదు. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు, 100 ఏళ్లు దాటిన శిల్పాలు, కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. లైసెన్సు లేని వర్తకుడు వాటి వ్యాపారం చేయరాదు.

పెద్ద మొత్తాలు చేతులు మారేది పాత కలప దగ్గర. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా, పెద్దవారు పోయిన తరువాత మండువా లోగిళ్లు కూలుస్తున్నారు. ఇల్లు మొత్తం గుత్తకు ఇచ్చి, కూల్చిన ఖర్చు పోను ఇంత అని పుచ్చుకోవడం వాడుక. గుత్తదారు లెక్క అంతా టేకు స్తంభాలు, ద్వారబంధాలు, దూలాల మీదనే. 8 అడుగుల పొడవు, 6 అంగుళాల చదరం వున్న ఒక స్తంభం 2 ఘనపుటడుగుల కలప. అటువంటివి పదహారు వుంటే 32 ఘనపుటడుగులు, తలుపులు కాక. వారం రోజులు సెలవు మీద వచ్చి, తిరుగు విమానం టిక్కెట్టు జేబులో పెట్టుకొని బేరం చేసే వారసుడికి ఈ కొలత వేసే తీరిక వుండదు. గుత్తదారు మాత్రం మొదటిసారి ఇల్లు చూడవచ్చినప్పుడే టేపు వెంట తెచ్చుకుంటాడు.